చూపుడువేలు నిబంధన

తాతారావుకి ప్రభుత్వం మీద ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. తాతారావనే మనిషొకడున్నాడని ప్రభుత్వానికి తెలియకపోవడమే అందుకు కారణం. జిల్లా గిడ్డంగుల కార్యాలయంలో బీరువాకీ కిటికీకీ మధ్య సందులో కూర్చుని, వచ్చిన కాగితాన్ని పక్క సీటుకి పంపుతూ కాలక్షేపం చేస్తున్న సీనియర్ అసిస్టెంటు ఆయన. ఆఫీసులో ఆయన మాట ఎవరూ వినరు. ఇంట్లో భార్య వింటుంది గానీ, ఆయనే పెద్దగా మాట్లాడడు.

సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా విప్పి, కాళ్ళు కడుక్కుని, కాఫీ గ్లాసు పట్టుకుని మేడెక్కేసేవాడు. అక్కడ పాత సిమెంటు తొట్టిలో ఆనపపాదు, దానికి ఆయన చేత్తో కట్టిన వెదురు పందిరి ఉన్నాయి. ఆనపపువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది. మూడో అంతస్తు ఎక్కి వచ్చే ఓపిక ఆ ఊరి పురుగులకి లేదు కనక, వాటి పని కూడా తాతారావే చేసేవాడు. ఒక మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, కింద వేలెడంత పిందెతో తలొంచుకుని ఉన్న ఆడపువ్వుకి మెల్లగా తాకించేవాడు. ఆ వేళ దాటిపోతే పువ్వు వాడి, పిందె పచ్చబడి రాలిపోతుంది. వేళకి తాకిస్తే నిలుస్తుంది. తను చెయ్యి పెట్టిన పని నిలబడడం తాతారావు బతుకులో ఆ ఒక్కచోటే జరిగేది. అందుకని ఆ కాసేపూ ఆయనకి ప్రాణం.

భార్య నాగరత్నానికి ఊలు అల్లకం పిచ్చి. ఉక్కపోతే తప్ప చలి ఎరగని ఊరు వాళ్ళది. అయినా పగలంతా స్వెటరు అల్లేది. మెడ దాకా వచ్చాక అటూ ఇటూ తిప్పి చూసుకుని, "బావుంది" అనుకుని, దారం పట్టి లాగేసేది. మళ్ళీ అదే ఊలుతో మొదలు. ఏళ్ళ తరబడి అదే ఊలు. ఎందుకమ్మా అని ఎవరన్నా అడిగితే, "అల్లుతుంటే బావుంటాదండీ. అయిపోయాక ఇంకేం ఉంటాది?" అనేది.

ఇలా ఇద్దరూ ఎవరి జోలికీ పోకుండా సుఖంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే రాజధానిలో ఒక సదస్సు జరిగింది. ఇంటిపట్టున మొక్కలు పెంచేవాళ్ళూ, అల్లికలు అల్లేవాళ్ళూ, ఫోటోలు తీసుకునేవాళ్ళూ మనశ్శాంతితో ఉంటారనీ, పైగా ప్రభుత్వాన్ని తిట్టే తీరిక వాళ్ళకి ఉండదనీ ఒక నిపుణుడు తెరమీద బొమ్మలు వేసి మరీ చూపించాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు మొదటి ముక్కకి తలూపారు, రెండో ముక్కకి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండానే తీరిక సమయ వికాస శాఖ పుట్టింది. 'ఇంటింటా అభిరుచి' అనే పథకం పుట్టింది. దాని ఉత్తర్వు ఇలా మొదలైంది: "రాష్ట్రంలో అభిరుచులను ప్రజలు అసంఘటితంగా, అశాస్త్రీయంగా, ఎవరికి తోచినట్లు వారు ఆచరించుచున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చియున్నది."

ఉత్తర్వు వెనకే అభిరుచి విస్తరణాధికారి హరనాథ్ వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, ముఖాన చెమట. మేడ మీదికొచ్చి పాదు చుట్టూ తిరిగి, "మీ అభిరుచికి వార్షిక లక్ష్యం ఎంతండీ?" అని అడిగాడు.

"లక్ష్యమా?" అన్నాడు తాతారావు. "కాస్తే కూరండి, కాయకపోతే లేదండి."

"అలా కుదరదండి. లక్ష్యం లేకపోతే అది అభిరుచి కాదు, కాలయాపన కిందికి వస్తుంది," అంటూ హరనాథ్ తనే ఏదో నొక్కేశాడు. "ఇప్పుడు ఫోటో. కొంచెం ఇలా నిలబడండి. ఎడమచెయ్యి ఒంటికి ఆనించాలి. కుడిచేతి చూపుడువేలు తిన్నగా చాపి పిందెను చూపించాలి. వేలు వంగకూడదండి. వంగితే యాప్ తీసుకోదు."

ఆ వేలికి ఒక చరిత్ర ఉంది. వెనకటికి ఇంకేదో పథకంలో ఒకే గేదెని ఊళ్ళో అందరి పక్కనా నిలబెట్టి ఫోటోలు తీశారట. అప్పటినించీ, లబ్ధిదారుడు తన వస్తువును తన వేలితో చూపితేనే ఆ వస్తువు అతనిదని ప్రభుత్వం నమ్ముతోంది. గేదె మాత్రం మారలేదు, దాన్ని చూపించే వేళ్ళు పెరిగాయి.

తాతారావు చెయ్యి లేవలేదు. ఆ వైపు మనుషులు ఆనపపిందెని గానీ గుమ్మడిపిందెని గానీ వేలు చాపి చూపించరు. చూపిస్తే కుళ్ళిపోతుందంటారు. తప్పనిసరిగా చూపించాల్సి వస్తే వేలు మడిచి, కణుపుతో చూపిస్తారు. ఈ సంగతి పరీక్షలు రాసి ఉద్యోగంలోకి వచ్చిన కుర్రాడికి ఎలా చెప్పాలో తెలియక, తాతారావు వంగి పాదు మొదలుని చూపించాడు.

"మొదలు చూపిస్తే మొత్తం చూపించినట్టే కదండీ?"

హరనాథ్ యాప్‌కి అడ్డేమీ లేదని చూసుకుని, ఫోటో తీసుకున్నాడు.

కింద నాగరత్నం దగ్గర వ్యవహారం ఇంత సులువుగా తేలలేదు. స్వెటరు మెడ దాకా వచ్చి ఉంది. హరనాథ్ చూస్తుండగానే ఆవిడ అలవాటు కొద్దీ దారం పట్టి లాగింది. కుర్రాడు కెవ్వున కేకేశాడు.

"అమ్మా! ఏంటండీ మీరు చేస్తంది? నమోదైన ఆస్తిని ధ్వంసం చేస్తన్నారు!"

"నా ఊలే కదా బాబూ."

"నమోదు కాకముందు మీదండి."

అల్లిన వస్తువు వాడకంలో ఉన్నట్టు ఋజువు కూడా కావాలన్నాడు. ఎవరైనా దాన్ని తొడుక్కుని ఫోటో దిగాలట. రోహిణీకార్తెలో, రోడ్ల మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటున్న రోజున, తాతారావు మెడలేని స్వెటరు తొడుక్కుని తన పొట్టని తనే వేలితో చూపిస్తూ ఫోటో దిగాడు. స్వెటరు విప్పాక ఆయన్ని ఫ్యాను కింద పడుకోబెట్టి మజ్జిగ పట్టాల్సి వచ్చింది. మెడ కూడా పూర్తి చేసెయ్యమని నాగరత్నానికి నోటిమాటగా ఆదేశం అందింది. ఆవిడ పూర్తి చేసింది. చేశాక సూదులు ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు ఊరికే కూర్చుంది.

ఇంతవరకూ అయినా సర్దుకుపోయేవాళ్ళేమో. రెండో వారంలో సమీక్షలు మొదలయ్యాయి.

తీరికని తీరిక వేళలోనే సమీక్షించాలని శాఖ జాయింట్ డైరెక్టరుగారు నిర్ణయించారు. దాంతో రోజూ పొద్దువాలేవేళ, జిల్లాలోని అభిరుచిదారులంతా ఫోన్లు ముందు పెట్టుకుని వీడియో సమావేశంలో కూర్చోవాలి. ముఖం కనిపిస్తూ ఉండాలి. పక్కకి తిరిగితే పేరు పిలుస్తారు. లేచి వెళితే ఇంక్రిమెంటు ఆగుతుంది.

"క్షేత్రస్థాయిలో అభిరుచి తీవ్రతను మదింపు చేసి, ఆనందాన్ని నిర్దిష్ట కాలవ్యవధిలో సాధించుటయే మన ధ్యేయం," అని జాయింట్ డైరెక్టరుగారు తెరమీదినించి గంభీరంగా చెప్పేవారు. "ఆనందంలో మన జిల్లా వెనకబడి ఉన్నదనే విషయం నాకు తీవ్ర మనోవేదన కలిగించుచున్నది. వెనకబడినవారి పేర్లు చదువుతాను."

ఆయన పేర్లు చదువుతున్న వేళకే మేడ మీద ఆనపపువ్వులు తెల్లగా విచ్చుకునేవి. తాతారావు కింద కుర్చీలో కూర్చుని, తెరమీద తన ముఖాన్ని తనే చూసుకుంటూ, పైన ఏ తీగకి ఏ పువ్వు విచ్చిందో లెక్క వేసుకునేవాడు. సమావేశం అయ్యేసరికి కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. లైటు వేసుకుని మేడెక్కితే వాడిన పువ్వులు. తెల్లారితే రాలిన పిందెలు. ఆఫీసులో ఎన్ని తిట్లు తిన్నా రాని దుఃఖం, ఆ పిందెల్ని ఊడ్చేటప్పుడు ఆయనకి వచ్చేది.

పిందెలు రాలిపోతున్న సంగతి ఊరంతా ఉంది. అది శాఖ దాకా పోయింది. శాఖ వెంటనే స్పందించింది. 'పిందెలు రాలుటకు గల కారణాలు - నివారణోపాయాలు' అనే అంశం మీద పక్షం రోజుల పాటు ప్రత్యేక శిక్షణ ఏర్పాటు చేసింది. సమీక్ష అయిపోగానే అదే తెరమీద శిక్షణ. ఈ శిక్షణతో మిగిలిన పిందెలు కూడా రాలిపోయాయి.

మొదటి విడత లక్ష్యం గడువు దగ్గరపడింది. ఒకరోజు హరనాథ్ వచ్చి, బోడి పందిరిని చూసి, తల పట్టుకుని తొట్టి అంచుమీద కూలబడ్డాడు.

"తాతారావుగారూ, మీది సున్నా అయితే నాది సున్నా అండి. నాది సున్నా అయితే నన్ను మారుమూలకి తోసేత్తారు." తర్వాత గొంతు తగ్గించి, "రైతుబజార్లో మంచి కాయలొచ్చాయండి. తాడు మాత్రం ఆకు చాటున ఉండేలా చూసుకోండి," అన్నాడు.

తాతారావు వెంటనే ఒప్పుకోలేదు. రాత్రంతా పక్కమీద దొర్లాడు. తెల్లారాక రైతుబజారుకి వెళ్ళి చూస్తే, అప్పటికే సగం ఊరు అక్కడుంది. ఆనపకాయలు, బీరకాయలు, దోసకాయలు కూరకి కాకుండా కట్టుకోడానికి అమ్ముడుపోతున్నాయి. అమ్మేవాళ్ళు కాయకి ఒక పురికొస ముక్క ఊరికే ఇస్తున్నారు. తాతారావు కూడా కొన్నాడు. పందిరికి కట్టాడు. ఫోటోకి నిలబడి చూపుడువేలు తిన్నగా, ధైర్యంగా చాపాడు. కొన్నకాయకి దిష్టేమిటి?

ఆ ఫోటో చూసి జిల్లా యంత్రాంగం ముగ్ధమైపోయింది. తాతారావుని ఆదర్శ అభిరుచిదారుగా ప్రకటించారు. టౌన్‌హాల్లో సభ పెట్టారు. ఆయన స్వెటరు తొడుక్కునే రావాలని ప్రత్యేకంగా కబురు చేశారు, దంపతుల అభిరుచులు రెండూ ఒక్క ఫోటోలో వస్తాయని. ఆ స్వెటరు మీద జాయింట్ డైరెక్టరుగారు శాలువా కప్పారు. శాలువా మీద గజమాల వేశారు. తాతారావు కళ్ళు బైర్లు కమ్మి తూలితే, ఆనందబాష్పాలతో చలించిపోయారని వ్యాఖ్యాత మైకులో చెప్పాడు.

తాతారావుకి భరించలేని సిగ్గు వేసింది. మర్నాడు ఆ శాఖ జిల్లా కార్యాలయానికి పోయి, జాయింట్ డైరెక్టరుగారి ముందు నిలబడి, "అయ్యా, ఆ కాయ మా పాదుకి కాసింది కాదండి. కొని కట్టానండి," అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆయన చిరునవ్వు నవ్వారు. "మీ వినయం శ్లాఘనీయం. అయితే సదరు కాయ మీదేనని ఫోటోలో మీ వేలు స్పష్టముగా చెప్పుచున్నది. శాఖ మీ మాటను నమ్మవలెనా, మీ వేలును నమ్మవలెనా?"

"మాటనే నమ్మండి."

"అటువంటి నిబంధన లేదు," అని ఆయన గంట కొట్టారు. పైపెచ్చు, ఆదర్శ అభిరుచిదారు హోదాలో తాతారావు ఇకనించి రోజూ సమావేశంలో తన విజయగాథ చెప్పాలని తేల్చారు. అది విని బయటికొచ్చాక ఆయన రిక్షా ఎక్కడం కూడా మరిచిపోయి ఇంటిదాకా నడిచాడు.

అలా రోజూ విజయగాథ చెబుతుండగా, ఒక సాయంత్రం గాలివాన పట్టుకుంది. కరెంటు పోయింది, ఫోను సిగ్నల్ పోయింది, తెరమీద జాయింట్ డైరెక్టరుగారి నోరు తెరుచుకునే ఆగిపోయింది. తాతారావు క్షణం ఆలోచించలేదు. లుంగీ ఎగ్గట్టి మెట్లు ఎక్కేశాడు. వాన వెలిసిన మసక వెలుగులో ఒకే ఒక్క ఆడపువ్వు తడిసి ఉంది. పక్కనే మగపువ్వు. ఊపిరి బిగబట్టి తాకించాడు. తాకించాక తనమీద తనకే నవ్వొచ్చింది.

పిందె నిలిచింది. నునుపెక్కింది, నూగు తేలింది, రోజురోజుకీ సాగింది. తాతారావు పెద్ద ఆకొకటి దానిమీదికి వంచి కప్పాడు. ఎవరికీ చెప్పలేదు. నాగరత్నానికి చెప్పకుండానే తెలిసిపోయింది. చాన్నాళ్ళకి మొగుడు అన్నం రెండోసారి వడ్డించమన్నాడు మరి.

ఆ సంతోషం ఎన్నాళ్ళో సాగలేదు. ఆదర్శ అభిరుచిని కళ్ళారా చూస్తానని జాయింట్ డైరెక్టరుగారు బయల్దేరారు. రాహుకాలం వెళ్ళేదాకా ఆగి మరీ బయల్దేరారు. వెనక హరనాథ్, ఇంకా పదిమంది అధికారులు. మేడ మెట్లు ఎక్కుతూ ఆయన ప్రతి మలుపులోనూ ఆగి ఆయాసం తీర్చుకుంటూ, ఇంటి తోటల ఆవశ్యకత గురించి చెప్పారు. పైకొచ్చాక చేతికర్రతో ఆకులు తిప్పుతూ, కప్పిన ఆకుని కూడా తిప్పేశారు.

"ఓహో! ఇది సహజసిద్ధమైన పిందె వలె ఉన్నదే!" అన్నారు. ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం పలికింది. మూడు మండలాలు తిరిగినా తాడు లేని కాయ ఆయన కంటపడడం అదే మొదలు. "హరనాథ్! ఫోటో! రాష్ట్ర స్థాయికి పంపుదాం. ఊఁ, వేలు చూపండి."

హరనాథ్ ట్యాబు ఎత్తాడు. పదిమందీ ఫ్రేములో పడడానికి సర్దుకుని నిలబడ్డారు. తాతారావు కుడిచెయ్యి ఎత్తాడు. వేలు చాపలేదు. మడిచి, కణుపుతో చూపించాడు.

"వేలు వంగింది," అన్నారు జాయింట్ డైరెక్టరుగారు.

"వంచానండి."

"చాపండి."

"ఈ పిందెకి చాపనండి."

 బీరువా పక్కన సందులో ఇన్నేళ్ళు కూర్చున్న మనిషి నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో అక్కడెవరికీ అర్థం కాలేదు, తాతారావుతో సహా.

"ఏ నిబంధన ప్రకారం?" అని అడిగారు ఆయన.

"నిబంధనేం లేదండి. పిందెకి వేలు చూపించకూడదని మా అమ్మ చెప్పేదండి."

"ఇది మూఢనమ్మకం! శాస్త్రీయ దృక్పథం కొరవడిన అభిరుచి సమాజానికి ప్రమాదకరం!" జాయింట్ డైరెక్టరుగారు చేతి గడియారం చూసుకున్నారు, వర్జ్యం దగ్గరపడుతోంది. "చివరిసారి అడుగుచున్నాను. శాలువా కప్పిన చేతితోనే చర్య తీసుకోవలసి వచ్చును."

నిజానికి వేలు చూపితే పిందె కుళ్ళుతుందో లేదో తాతారావుకి తెలీదు. చూపించకుండా కుళ్ళినవీ చూశాడు, చూపించినా కాసినవీ చూశాడు. అసలు సంగతి అది కాదు. ఆఫీసు వాళ్ళది, సాయంత్రం వాళ్ళదైపోయింది, పొట్టమీద స్వెటరు కూడా వాళ్ళదే అయింది. ఈ జానెడు పిందె ఒక్కటీ తనది. దాన్ని ఎవరికీ ఋజువు చెయ్యదలుచుకోలేదు.

ఆయన చెయ్యి దించేసి, ఆకుని మళ్ళీ పిందె మీదికి వంచాడు. ఇక చూసేదేమీ లేదన్నట్టు వెళ్ళి నీళ్ళ బిందె ఎత్తుకున్నాడు.

అధికారులు దిగిపోయారు. నాగరత్నం మెట్ల మీద ఎదురొచ్చి, "ఏవండీ, ఉద్యోగానికేమన్నా చేటు వస్తాదేమో?" అని భయంగా అడిగింది.  ఆ వారమంతా ఇద్దరూ ముద్ద దిగక, వీధి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతూ గడిపారు.

చివరికి ఒక సాయంత్రం హరనాథ్ వచ్చాడు. తిన్నగా మేడెక్కాడు. ఎప్పుడూ లేనిది ట్యాబు తేలేదు. చేతిలో ఒక కాగితం ఉంది. తాతారావు కళ్ళలోకి చూడలేక దాన్ని పైకి చదివాడు.

"జిల్లా ఆదర్శ అభిరుచిదారు శ్రీ తాతారావు, తన పిందెకు వేలు చూపుటకు నిరాకరించి శాఖ ప్రతిష్ఠకు భంగము కలిగించినందున, ఆయన అభిరుచిని తక్షణమే సస్పెండ్ చేయడమైనది. తదుపరి ఉత్తర్వుల వరకు సదరు వ్యక్తిని ఎటువంటి సమీక్షకు, శిక్షణకు, సన్మానమునకు పిలువరాదు. ఆయన లక్ష్యములు రద్దు చేయబడినవి. ఆయన అభిరుచిని ఏ అధికారియు తనిఖీ చేయరాదు, ఫోటో తీయరాదు."

"బాబూ, ఆ ఆఖరి ముక్క ఇంకోసారి చదువుతారా?" అన్నాడు తాతారావు.

హరనాథ్ చదివాడు. తాతారావు పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళు తడిశాయి.

"ఇది ఎన్నాళ్ళు ఉంటాదండీ?"

"విచారణ పూర్తయ్యే వరకూనండి." హరనాథ్ నేలచూపులు చూశాడు. "మా శాఖలో విచారణ పూర్తవడమంటూ ఉండదండి."

కింద గదిలో నాగరత్నం ఫోనులోంచి జాయింట్ డైరెక్టరుగారి గొంతు ఆనందంలో వెనకబడినవారి పేర్లు చదువుతోంది. పైన ఆనపపువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. తాతారావు ఒక మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచాడు. హరనాథ్ పోకుండా అక్కడే నిలబడి, ఆ తెల్లటి పువ్వుల్ని కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"నాకూ ఉండేదండి," అన్నాడు ఉన్నట్టుండి. "కెమెరా. కాలేజీ రోజుల్లో పిట్టల్ని తీసేవాణ్ణి. ఒక్క పిట్ట కోసం పొద్దంతా కూర్చునేవాణ్ణి. ఈ ఉద్యోగంలో చేరాక వేళ్ళు తీస్తన్నాను."

తాతారావు ఇంకో మగపువ్వు తుంచి అతని చేతికిచ్చాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నాగరత్నం వచ్చింది. సూదులూ ఊలూ చంకలో ఉన్నాయి. కింద గదిలో ఫోను, ఎదురుగా ఎవరి ముఖమూ లేకుండా మాట్లాడుతూనే ఉంది. ఉత్తర్వు చేతిలోకి తీసుకుని, మసక వెలుగులో కళ్ళు చికిలించి, మొదటినించీ చివరిదాకా చదివింది. మడత పెట్టి జాగ్రత్తగా మొగుడికి ఇచ్చింది.

"బాబూ," అంది హరనాథ్‌తో, "ఏం తప్పు చేస్తే నాకూ ఇది ఇత్తారు?"

హరనాథ్ మెట్లవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అదే తెలిస్తే ముందు నేనే చేద్దునండి."